తుంగ మీది దోమ

మధ్యాహ్నం అంట్లు తోమి, ఆ నీళ్ళు పారబోయడానికి దొడ్డి వెనక చేలకి నీరు పారే పంట బోదె దగ్గరికి వెళ్ళినప్పుడు దాన్ని మొదటిసారి చూశాను. కొబ్బరిచెట్ల నీడలో బోదె అంచున తుంగ దుబ్బులుంటాయి. ఒక కాడ మీద, నీటికి నాలుగు వేళ్ళ ఎత్తులో, బియ్యపుగింజలో సగం కూడా లేని పురుగు. నేను వంగగానే పక్కగా జరిగి కాడ వెనక్కి వెళ్ళిపోయింది. వరిని ఎండగొట్టే సుడిదోమలాగే ఉంది. కాని దీనిది ఎండుగడ్డి రంగు. వీపు మీద సన్నటి తెల్లగీత. రెక్కలు నడుం దగ్గరే ఆగిపోయాయి. పదడుగుల దూరంలో దాళ్వా వరిచేను పచ్చగా ఉంటే, దాన్ని వదిలేసి ఇది తుంగని ఎందుకు పట్టుకుందా అనిపించింది. అలా నాకేదైనా తెలుసుకోవాలనిపించి పదహారేళ్ళయింది.

నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. పెళ్ళయి కొత్తపేట దగ్గర ఈ ఊరికి వచ్చాక, ఆ చదువు పిల్లల హోంవర్కులకీ అత్తయ్యగారి మందుల చీటీలకీ సరిపోయింది. ఇప్పుడు మళ్ళీ, పోయిన మావయ్యగారు పేపరు చదువుకున్న భూతద్దం తీసి, మా అమ్మాయి సగంలో వదిలేసిన డ్రాయింగు పుస్తకంలో దాని బొమ్మ వేశాను. వెనక కాలి మీద కదిలే ముల్లు కనిపించింది. అంటే సుడిదోమ కుటుంబమే. వరిమొక్కతో పాటు సీసాలో పెడితే ముట్టకుండా రెండోరోజుకి చచ్చిపోయింది. తుంగ పెడితే బతికింది. బోదె పొడవునా వెతికాను. నీడ ఉన్న ముప్ఫై అడుగుల మేరే ఉంది. ఎండ పడే అవతలి గట్టున అదే తుంగ ఉన్నా, ఒక్కటీ లేదు.

నాతో చదివిన క్రిస్టీనా ఇప్పుడు పురుగుల మీద పరిశోధన చేస్తోంది. ఫొటోలు పంపితే ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "ఏ జాతో ఫొటోలతో తేలదు జ్యోతీ. మగవాటిని కోసి చూడాలి. ఓ పది పంపు. ఇలాంటిది నేనైతే ఎక్కడా చూళ్ళేదు."

స్పిరిట్ సీసాలో పడ్డవి మూడు. అందులో మగది ఒక్కటే. ఆ సీసాని వంటింటి గూట్లో చూసి అత్తయ్యగారు, "తినే చోట పురుగులేంటమ్మాయ్? చదువుకున్నదానివి," అన్నారు. మా ఆయన సతీష్, భోజనానికి వచ్చిన పక్కచేను బుచ్చిరాజుగారితో, "ఊరంతా దోమని చంపడానికి చస్తుంటే మా ఆవిడ పెంచుతుందండి," అన్నారు. బుచ్చిరాజుగారు నవ్వేరు. మా ఆయన నవ్వేరు. కూర వడ్డిస్తూ నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకెవరూ నేర్పలేదు. పదహారేళ్ళలో దానంతటదే వచ్చింది.

మిగతావి పట్టి పంపుదామనుకుంటుండగా అత్తయ్యగారికి కంటి ఆపరేషన్ అయింది. గంటకోసారి చుక్కలు వేయాలి. ఉన్న మూడింటినే కొరియర్ చేసేసరికి నెల గడిచింది. ఈలోగా బుచ్చిరాజుగారి చేలో దోమ పడింది. ఒక పొద్దున్న మందు ట్యాంకు పెట్టుకుని నలుగురు మనుషులు మా దొడ్లోకి వచ్చేరు. ఆయన తుంగ దుబ్బు వంచి చూపించేరు.

"ఇదిగోనండి సతీష్‌గారూ, ఇక్కడ దాక్కుంటుంది. ఇక్కణ్ణుంచే నా చేలోకి వస్తుంది. బోదె కూడా కొట్టించేద్దామండి."

మా ఆయన నావైపు తిరిగేరు. ఈసారి నవ్వులాటకి కాదు, నిజంగానే అడిగేరు. "నువ్వు చూస్తున్నావు కదా. ఇదీ అదీ ఒకటేనా?"

నా చేతిలో ఆరుగురి టిఫిను పళ్ళెం ఉంది. లోపలినుంచి అత్తయ్యగారు చుక్కల కోసం పిలుస్తున్నారు. కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే ఎందుకు కాదంటారు, సీసాలో వరిని ముట్టని సంగతి చెప్పాలి, వాళ్ళు నవ్వుతారు, చట్నీ చల్లారిపోతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగాయి.

"ఏమోనండి," అన్నాను.

మందు కొట్టేరు. మూడోరోజు మిషను పెట్టి తుంగ వేళ్ళతో సహా తవ్వించేరు. గట్టు నున్నగా, చూడ్డానికి శుభ్రంగా ఉంది.

రెండు నెలలకి క్రిస్టీనా స్వయంగా వచ్చింది. ఆ ఒక్క మగదాన్ని కోసి చూసిందట. తెలిసిన ఏ జాతి వివరాలతోనూ అది కలవలేదట. "కొత్తదే అనుకుంటున్నాను. కాని ఒక్కదానితో ఒప్పుకోరు. ఇంకా కావాలి. ఎక్కడుంది, చూపించు," అంది, చెప్పులు విడిచి చీర ఎగ్గట్టుకుంటూ.

చూపించాను. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని మధ్యాహ్నం దాకా వెతికాం. ఏమీ లేదు. మా ఆయన కొబ్బరిబొండాలు తెచ్చి ఇచ్చి, తప్పు చేసినవాడిలా నిలబడ్డారు. "మాకు తెలీదండి. సుడిదోమ అనుకున్నాం," అన్నారు.

క్రిస్టీనా ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడంలో ఆయనకి క్షమాపణ దొరికేసినట్టనిపించింది. నేనూ ఊరుకుంటే నాకూ దొరికేది.

"నాకు తెలుసు," అన్నాను.

ఆయన నావైపు చూశారు. "మరి ఆరోజు అడిగేను కదా జ్యోతీ."

"అడిగేరండి. నేనే చెప్పలేదు."

ఎన్నో మాటలకి నేను ఆయన్ని నిందించగలను. ఈ ఒక్కదానికి నిందించలేను. నిందించడానికి ఎవరూ లేకపోవడం ఇంత బరువుగా ఉంటుందని అప్పటిదాకా తెలీదు.

వెళ్ళేముందు క్రిస్టీనా అంది, "పొట్టి రెక్కలది, దూరం ఎగిరే రకం కాదు. ఇలాంటి నీడబోదెలు ఇంకా ఉంటే వాటిల్లోనూ ఉండొచ్చు. ఒక్కొక్కటీ ఎవరో ఒకరు వంగి చూడాలి. నాకు సెలవు దొరకదు."

మర్నాడు తెల్లవారి టీ ఇస్తూ అత్తయ్యగారితో చెప్పాను. "ఇవాళ్టినుంచి పొద్దున్నపూట నేను ఇంట్లో ఉండనండి. మీ అబ్బాయిగారిని టిఫిను చూసుకోమన్నాను. ఆయ్, అలాగే అన్నారు."

"ఎక్కడికే?"

"బోదెల వెంబడండి."

"ఎన్నాళ్ళు?"

"దొరికేదాకానండి."

దొరక్కపోవచ్చు. ఆ సంగతి కూడా నాకు తెలుసు.