ఆపే ముందు ఒకసారి

స్విచ్చు బాబాయ్ నాలుగో అంతస్తు కంప్యూటర్ల నంబర్లు చెబుతుంటే, ఇంజినీరమ్మాయి వాటిని తన ప్రోగ్రాములో ఎక్కిస్తోంది. అతనికి కాగితం అక్కర్లేదు, నూట అరవై రెండూ నోటికి వచ్చు. పందొమ్మిదేళ్ళుగా సాయంత్రం అందరూ వెళ్ళాక ఒక్కొక్కదాన్నీ ఆపేది అతనే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఈ రోజు నుంచి ఆరు కొట్టగానే ఆ పని ప్రోగ్రామే చేస్తుంది, అన్నిటికీ ఒకేసారి.

పీలగా, కాస్త వంగిన మనిషి. మెట్లెక్కి మెట్లెక్కి మోకాళ్ళు అరిగాయి.

"ఆపే ముందు ఒకసారి చూడాలమ్మా. రాసింది సేవ్ చేయకుండా వెళ్ళిపోతారు. నేను సేవ్ చేసి ఆపుతా," అన్నాడు.

ఒకసారి పోతే వాళ్ళకే బుద్ధొస్తుందని ఆమె నవ్వేసింది. చెడ్డ పిల్లేం కాదు, చెప్పిన పని చేస్తోంది.

మేనేజరు మాత్రం నిన్న ఒక దారి చూపించాడు. స్టోర్సులో ఒక ఖాళీ ఉందట. ఈ రోజు ఆరింటిలోగా టైపు చేసిన అర్జీ తన బల్ల మీదుంటే పై ఆఫీసుకు పంపే జాబితాలో కలుపుతాడట. ఆరు దాటితే ఇక ఇంటికే. పొద్దున బయల్దేరుతుంటే భార్య గుమ్మం దాకా వచ్చింది.

"ఈ ఒక్కసారైనా మీకోసం మీరు అడగండి," అంది.

ఐదింటికి హాలు ఖాళీ అయ్యాక చివరి వరుసలో కూర్చుని ఒంటి వేలితో మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం వెతుక్కోవడానికే ప్రాణం పోయింది. పందొమ్మిదేళ్ళను ఎనిమిది లైన్లలో కుక్కేసరికి ఆరుకు ఐదు నిమిషాలుంది. ఇక ప్రింటు తీయడమే. తలెత్తితే ఎదుటి వరుసలో మూడు తెరలు ఇంకా వెలుగుతున్నాయి.

పోనీలే అనుకోవలసింది. అనుకోలేకపోయాడు. మొదటిదాంట్లో ఒక గుమాస్తా మధ్యాహ్నమంతా కూర్చుని రాసిన నివేదిక ఉంది. సేవ్ చేశాడు. రెండోదీ అంతే. మూడోదాని మీదికి వంగుతుండగా ఆరు కొట్టింది, తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. చివరి వరుసలోదీ ఆరిపోయింది. దాని నంబరు కూడా పొద్దున తనే చెప్పాడు.

గబగబా వెళ్ళి మళ్ళీ ఆన్ చేశాడు. ఖాళీ పేజీ వచ్చింది. అందరి రాతలూ కాపాడినవాడికి తనది సేవ్ చేసుకోవాలని తోచలేదు. కోపం రాలేదు, సిగ్గేసింది. మేనేజరు దగ్గరికి వెళ్తే, జాబితా పంపించేశానని చెప్పి ఆయన తన గదికి తాళం వేసి బయల్దేరాడు. బాబాయ్ తలూపి, తిరిగొచ్చి కంప్యూటరు పద్ధతిగా ఆపి, తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ప్రింటరులో ఒక తెల్లకాగితం ఉండిపోయింది. సొంత అర్జీకి ఆఫీసు కాగితం వాడటం తప్పని బాబాయ్ ఇంటి నుంచి జేబులో పెట్టుకొచ్చింది, నాలుగు మడతలూ చేత్తో సాపు చేసి పెట్టింది.