ఎడమ చెంప

ఆ షాపులో మంచమంత ప్రింటరు ఒకటి, గోడవారగా ఒక బల్ల, రెండింటి మధ్య ఒక్క మనిషి తిరిగేంత చోటు. ఆ తిరిగే మనిషి బొమ్మలు అచ్చు వేస్తుంది. నలభై ఐదేళ్లు వచ్చినా డ్రాయింగు మాస్టారి నోట్లో మాత్రం ఆమె ఇంకా రబ్బరమ్మే. బడిలో గీసిన గీతని గీసినట్టు ఉంచడం ఆమెకి ఏనాడూ చేతకాలేదు. కాగితం చిరిగేదాకా చెరుపుతూనే ఉండేది, అందుకని ఆయన పెట్టిన పేరు.

ఆ మాస్టారే ఒక ఉదయం కూతురు మోచెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే షాపుకి వచ్చారు. ఆయన చూపు చాలావరకు పోయింది. ఇంకో ఆరు నెలలు నిలిస్తే గొప్పేనని డాక్టరు చెప్పేశాడట.

"ట్యాబ్లెట్ మీద మా ఆవిడ బొమ్మ వేశానే," అన్నారు. ఆవిడ పోయి మూడేళ్లు. "కన్ను ఒక్కటే తెరంతా కనపడేలా పెద్దది చేసుకుని వేశాను. తర్వాత ముక్కు. తర్వాత చెంప. రెండేళ్లు పట్టింది. మొత్తం బొమ్మ ఒక్కసారి కూడా చూళ్లేదు. చిన్నది చేస్తే నాకంతా మసకే. నువ్వు నాలుగడుగుల ఎత్తున వెయ్యి. చూపు ఉండగానే ఆవిణ్ణి చూసుకోవాలి."

"నీళ్లరంగుల కాగితం మీదేనా మాస్టారూ?"

"మరి? జన్మంతా వేసింది దాని మీదేగా. నున్నటి కాగితమైతే నా చేతికి అది నా బొమ్మని తెలీదు."

మర్నాడు ఆమె ఆ బొమ్మ ఫైలు తెరిచి నోరెళ్లబెట్టింది. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. చెవి పక్కన నెరిసిన పాయలో నీలం కూడా ఉంది. కానీ బొమ్మంతా ఒక్కసారి తెర మీదకి తెచ్చేసరికి ప్రాణం ఉసూరుమంది. ఎడమ కన్ను దిగిపోయింది, ఎడమ చెంప జారిపోయింది, మూతి ఒక పక్కకి వంగింది. ముక్కలు ముక్కలుగా వేస్తే అంతే మరి, అనుకుంది. కొలతలు తప్పినందుకు పిల్లల చెవులు మెలేసిన మనిషికి ఏం గతి పట్టింది! ఆవిణ్ణి ఆమె తన చిన్నప్పుడు చూసింది. ఇలా ఉండేది కాదు, చక్కటి మొహం.

అడగొచ్చు. ఫోను పక్కనే ఉంది. కానీ "మాస్టారూ, మీ భార్య మొహం వంకరగా వచ్చింది" అని ఏ నోటితో చెప్పడం? పైగా ఆమె చేతులు ఊరుకునేవి కావు. కుడివైపు సగాన్ని తిరగేసి ఎడమవైపు అతికించింది. అతుకు తెలియకుండా నీడలు సర్దింది. పొద్దు గూకేసరికి మొహం తిన్నగా అయింది. ఆమె తన పనికి తనే మురిసిపోయింది.

నీళ్లరంగుల కాగితాల్లో అన్నిటికన్నా మందపాటిది, దూదితో చేసింది, ప్రింటరుకి ఎక్కించింది. ఆ కాగితం మీద నూగు ఉంటుంది, దులపకుండా అచ్చు వేస్తే తర్వాత అది రాలి తెల్లమచ్చలు పడతాయి. అంగుళం అంగుళం మెత్తటి కుంచెతో దులిపి, ప్రింటరు ఆన్ చేసి, బొమ్మ పూర్తిగా బయటికి వచ్చేదాకా పక్కనే నిలబడింది.

చెప్పిన రోజుకి వాళ్లు వచ్చారు. గోడకి తగిలించిన బొమ్మ చూసి గుమ్మంలోనే కూతురు ఆగిపోయింది.

"అమ్మ!" అంది. కళ్లు తుడుచుకుంది. "ఎన్నేళ్లయిందక్కా అమ్మని ఇలా చూసి."

మాస్టారు గోడ దగ్గరికి నడిచి, కాగితానికి జానెడు దూరంలో మొహం పెట్టారు. ఆయన చూడగలిగేది అలాగే. నుదురు చూశారు. కుడి కన్ను చూసి తలాడించారు. ముక్కు దాటి ఎడమకి వచ్చి ఆగారు. వెనక్కి కుడికి వెళ్లి మళ్లీ వచ్చారు.

"ఎవరే ఈవిడ?" అన్నారు.

"అమ్మే నాన్నా," అంది కూతురు.

చూపు ఆనడం లేదనుకుని రబ్బరమ్మ బల్ల మీది దీపం దగ్గరికి జరిపింది.

"దీపం కాదే. ఈ ఎడమ చెంప ఎవరిది?"

రబ్బరమ్మకి సంగతి అర్థమైంది. చేసిన ఘనకార్యం చెప్పుకోక తప్పలేదు.

"అమ్మకి పక్షవాతం వచ్చిందక్కా," అంది కూతురు మెల్లగా. "ఆఖరి ఆరేళ్లూ మూతి అలాగే ఉండేది. నీకు తెలీదా?"

తెలీదు. భూమి రెండుగా చీలితే అందులో దూరిపోదామనిపించింది. "మళ్లీ వేస్తాను మాస్టారూ, మీరు వేసింది వేసినట్టే," అంది.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. స్టూలు తడుముకుని కూర్చున్నారు.

"ముప్పై నాలుగేళ్లు ఊళ్లో అందరి మొహాలూ గీశాను. ఆవిణ్ణి కూర్చోబెట్టి ఒక్క గీత గీయలేదు. ఇంట్లోనే ఉందిగా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. జబ్బు చేశాక చెంచాతో తినిపించాలి కదా, అప్పుడు చూశాను. మూడు పూటలా చూశాను. నాకు తెలిసింది ఆ మొహమే. ఇది గుర్తు లేదు."

కూతురు మొహం వీధివైపు తిప్పుకుంది.

"నీకెలా తెలుసే, ఇలా ఉండేదని?"

"వాన పడితే గొడుగు పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడేవారుగా మాస్టారూ, మీకోసం."

"నిలబడేదా?"

"ఎప్పుడు వాన పడినా."



నాలుగు రోజుల తర్వాత రెండో బొమ్మ గోడ మీద ఉంది. ఆమె అందులో ఒక్క చుక్క కూడా ముట్టుకోలేదు. మాస్టారు జానెడు దూరంలోంచి నుదురూ, కన్నూ, జారిన చెంపా, వంగిన మూతీ చూసుకుంటూ చాలాసేపు ఉండిపోయారు. "ఆ. ఇదీ," అన్నారు.

ఆమె మొదటి బొమ్మ తీసి కత్తెర అందుకుంది.

"ఏం చేస్తున్నావే?"

"పాడైపోయిందేగా మాస్టారూ. సగం నేను కల్పించింది."

"మిగతా సగం ఆవిడదేగా. రెండూ చుట్టి ఇవ్వు."

"గదిలో ఒక్కదానికే చోటుంది నాన్నా," అంది కూతురు. "రెండోది ఎక్కడ పెడతాం?"

"ఇప్పుడు చూసింది చుట్టి దాచు. అది కళ్లు పోయినా నాకు కనపడుతుంది." ఆయన చెయ్యి చాచి, ఆమె చేతిలోని మొదటి కాగితాన్ని తడిమి పట్టుకున్నారు. "పాత ఫోటోలు నాకిప్పుడు ఆనవు. గేటు దగ్గర నిలబడిన మనిషిని గోడకి పెట్టు. మిగిలిన ఆరు నెలలూ ఆవిణ్ణి చూస్తాను."