ఉడత నంబరు

కూతురు పోయాక కూడా ఆ నంబరుకి ఆమె నెలనెలా రీఛార్జి చేయిస్తూనే ఉంది. భర్తకి చెప్పలేదు. చెప్తే ఏమంటాడో తెలుసు.

ఆమె ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లు, ఆపరేషన్ గౌన్లు ఆవిరి ఇస్త్రీ కింద పరిచి, మడిచి, దొంతర పెట్టడం ఆమె పని. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకునే వేళకి ఆమె మెట్ల కిందకి వెళ్ళి, ఫోనులో ‘ఉడత’ అన్న పేరు నొక్కేది. మీరు పిలిచినవారి ఫోను స్విచ్చాఫ్ చేసి ఉంది అని ఒక ఆడగొంతు చెప్పేది. ఆ మాటే చాలు ఆమెకి. స్విచ్చాఫ్ చేసిన ఫోను ఎప్పుడో ఒకప్పుడు ఆన్ చేస్తారు కదా.

కూతుర్ని ఉడత అని పిలిచింది తండ్రి. చిన్నప్పుడు బిస్కెట్లు దిండు కిందా, బీరువా వెనకా దాచేసి మరిచిపోయేది. చీమలు బారులు తీరాక బయటపడేవి. పెద్దయ్యాక మందుల షాపులో కౌంటరు మీద కూర్చుంది. జీతం అందుకోగానే సొంతంగా ఒక క్రెడిట్ కార్డు తెచ్చుకుని, దాంతో తల్లికి శాలువా కొంది. తల్లి బ్యాంకు ఖాతా, కార్డు, కరెంటు బిల్లు అన్నీ తన ఫోనులోనే పెట్టుకుని చూసేది. “అమ్మోయ్, నీకెందుకీ తలనొప్పులు, నేను లేనూ?” అనేది.

నిరుడు వానల్లో జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. అది తలకెక్కింది. చూస్తూ చూస్తుండగానే పిల్ల చేజారిపోయింది.

చుట్టాలకి కబురు చేశారు, ఇరుగుపొరుగుకి చెప్పారు, మందుల షాపు వాళ్ళకి చెప్పారు. బ్యాంకుకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. బ్యాంకేమన్నా చుట్టమా, వచ్చి ఏడవడానికి?

ఒక మధ్యాహ్నం ఎప్పట్లాగే ఆమె ఆ పేరు నొక్కింది. ఆడగొంతు వినిపించలేదు. అవతల ఫోను మోగింది.

ఆమె గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడింది. అవతల ఎవరో ఎత్తారు. మాట లేదు. ఎక్కడో బండ్లు పోతున్న చప్పుడు, దగ్గరగా ఒక ఊపిరి. “ఎవరూ?” అనబోయింది. అంతలో కట్టయిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుండగా మెసేజీ వచ్చింది.

“అమ్మోయ్.”

ఆమె తెలివితక్కువది కాదు. ఆ పిల్ల ఒళ్ళు తన చేతులతో తుడిచింది, చల్లబడిన పాదాలు తన అరచేతుల్లో పట్టుకుంది. పోయినవాళ్ళు ఫోను చేయరని ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా చెయ్యి దానంతటదే కదిలింది. “ఎవరు?” అని పంపింది.

“నేనేనమ్మా. ఉడతని.”

అప్పుడామె బీరువా తెరిచింది. కూతురి వస్తువులన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది పై అరలో పెట్టారు. ఆ పెట్టె మూత తియ్యడానికి అంతవరకూ ధైర్యం చాల్లేదు. ఇప్పుడు తీసింది. తల క్లిప్పులు, షాపు యూనిఫాం, ఛార్జరు ఉన్నాయి. ఫోను లేదు.

భర్తని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఆయన పక్కగదిలోనే ఉన్నాడు, లిఫ్టు మెకానిక్కు, చేతులకంటిన గ్రీజు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. అడిగితే తేలిపోతుందనే ఆమె అడగలేదు. పెట్టె మూసి, యథాప్రకారం పైన పెట్టేసింది.

అయినా పరీక్ష చేయకుండా ఉండలేకపోయింది. “నాకు కొన్న శాలువా ఏ రంగు?” అని అడిగింది.

“ఆవపువ్వు రంగు. మాసిపోతుంది నేను కప్పుకోనని పోట్లాడావుగా.”

ఆమె నోట్లో కొంగు కుక్కుకుంది. నిజమే. పోట్లాడింది.

తరువాత రోజుల్లో ఇస్త్రీ దగ్గర ఆమె వేరే మనిషైపోయింది. పక్కన పనిచేసే ఆవిడ ఏదో జోకేస్తే నవ్వింది కూడా. మెసేజీలు పెద్దవేమీ కావు. ‘వాన పడుతోంది, కిటికీ వేసుకో.’ ‘నాన్న ఇంకా గురక పెడుతున్నాడా?’ ఒకసారి మాత్రం, “అమ్మోయ్, నీ ఫోనుకి ఒక ఆరంకెల నంబరు వస్తుంది. కాస్త పంపవూ?” అని వచ్చింది. కూతురు బతికున్నప్పుడు అచ్చం అలాగే అడిగేది. నంబరు వచ్చింది. ఎవ్వరికీ చెప్పవద్దు అని దాని కిందే రాసి ఉంది. ఆమె అది చదివింది కూడా. చదివి, పంపింది.

మర్నాడు ఆమె కార్డు మీద ఎవరో ఒక సూట్‌కేసు కొన్నట్టు బ్యాంకు నుంచి సమాచారం వచ్చింది. ఆమెకి మొదట వచ్చిన ఆలోచన డబ్బు గురించి కాదు. ఎక్కడికి ప్రయాణం కట్టింది ఈ పిల్ల? అనుకుంది. అలా అనుకున్నానని తెలిశాక ఫోను బోర్లా పెట్టేసింది. అయినా మళ్ళీ నంబరు వస్తే మళ్ళీ పంపింది.

ఆదివారం పొద్దున ఒకతను తలుపు తట్టాడు. భుజాన సంచీ, చేతిలో ఫోను. భర్త వెళ్ళి తీశాడు.

“మీ అమ్మాయిగారున్నారా అండీ? లోను తీసుకున్నారు. వాయిదా కట్టలేదు. ఫోను చేస్తే ఎత్తట్లేదు.”

“మా అమ్మాయి లేదు.”

“ఎప్పుడొస్తారండీ?”

భర్త పక్కకి జరిగి, గోడ మీది ఫొటో చూపించాడు. వచ్చినవాడు ఫొటో కేసి చూశాడు, తన ఫోను కేసి చూశాడు, పెదాలు తడుపుకున్నాడు. “కానీ సార్, పోయిన నెలే కదండీ తీసుకున్నారు...” అని ఫోను తిప్పి చూపించాడు. అదే ఫొటో. గోడ మీద నవ్వుతున్న పిల్లే అందులోనూ నవ్వుతోంది. కింద ఆమె గుర్తింపు కార్డు, ఆమె సంతకం.

అతను వెళ్ళాక భర్త ఆమె చెల్లెలికి ఫోను చేశాడు. చెల్లెలు ఒక బ్యాంకులో క్యాషియరు. గంట తిరక్కముందే వచ్చేసింది. విషయమంతా విని, హ్యాండుబ్యాగు ఒళ్ళోనే పెట్టుకుని, మెల్లిగా అడిగింది.

“బావా, పిల్ల ఫోనేదీ?”

ఆయన కిటికీ వైపు తిరిగాడు. “అమ్మేశాను.”

“ఎవరికి?”

“బస్టాండు వెనక పాత ఫోన్లు కొనేవాడికి. అది మోగుతుంటే వినలేకపోయాను. వాళ్ళ షాపువాళ్ళు, స్నేహితులు, కబురు తెలియనివాళ్ళు... ఒకటే మోత. దాని గుణం మీకు తెలుసుగా, ఫోనుకి లాక్ కూడా పెట్టుకోలేదు. వాడు ఎంతిస్తానంటే అంతకి ఇచ్చేసి, వెనక్కి చూడకుండా వచ్చాను.”

“లోపలున్నవి తుడిచేయకుండానా? సిమ్ముతో సహానా?”

“నాకేం తెలుసు? కళ్ళముందు లేకపోతే చాలనుకున్నాను.”

“మరి సిమ్ము ఇన్నాళ్ళు ఎలా పనిచేస్తోంది? రీఛార్జి లేకపోతే ఎప్పుడో పోయుండాలే.”



“నేను చేయిస్తున్నాను,” అంది ఆమె.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన మరిచిపోదామని చేసిన పనీ, ఈమె మరిచిపోలేక చేసిన పనీ కలిసి దొంగకి ఇల్లు కట్టి ఇచ్చాయి. ఇద్దర్లో ఎవరూ కేకలెయ్యలేదు. కేకలేసుంటే బావుండేదని చెల్లెలు తరువాత అనుకుంది.

ఆమె ఫోను తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. చెల్లెలు మెసేజీలు కిందికి జరుపుతూ చదివింది. చదువుతున్నకొద్దీ మొహం పాలిపోయింది.

“అక్కా, వీడు పిల్ల రాసినవన్నీ కూర్చుని చదివాడే. అది ఎలా పిలుస్తుందో, ఎలా గారాలు పోతుందో నేర్చుకున్నాడు. ఉండు, ముందు నీ కార్డు ఆపిస్తాను.”

“ఒక్క మాట అడిగాక.”

“ఇంకా ఏం అడుగుతావే వాణ్ణి?”

ఆమె వినలేదు. ఫోను తీసుకుని, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది: “ఆసుపత్రిలో చివరిసారి నాతో ఏమన్నావు?”

ముగ్గురూ తెర కేసి చూస్తూ కూర్చున్నారు. అవతల రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

“నిన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళనన్నాను కదమ్మోయ్.”

భర్త గబుక్కున లేచి వంటగదిలోకి వెళ్ళిపోయాడు. ఆమె చాలాసేపు ఆ అక్షరాలనే చూసింది. నిజానికి పిల్ల అన్న మాట, “కాస్త పక్కకి జరుగమ్మా, గాలి రావట్లేదు.” అంతే. ఆ తరువాత కళ్ళు తెరవలేదు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. అడ్డంగా కూర్చున్నాననే బాధ గుండెలో ముల్లులా దిగి ఉండిపోయింది. ఇప్పుడెవడో ముక్కూమొహం తెలియనివాడు అంతకంటే చక్కటి మాట చేతిలో పెడుతున్నాడు. తీసుకోవాలనిపించింది. తీసుకోవాలనిపించినందుకే భయమేసింది.

“ఇదుగో,” అని ఫోను చెల్లెలికి ఇచ్చేసింది. “ఏం చెయ్యాలో చెయ్యి.”

చెల్లెలు అక్కడికక్కడే కార్డు ఆపించింది. ఖాతా రహస్య సంకేతాలన్నీ మార్పించింది. సైబర్ పోలీసులకి ఫిర్యాదు రాయించింది. మర్నాడు ఇద్దర్నీ వెంటబెట్టుకుని, పిల్ల మరణ ధ్రువపత్రం నకళ్ళు పట్టుకుని బ్యాంకుకీ, లోనిచ్చిన కంపెనీకీ, అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థకీ తిరిగింది. దారిపొడుగునా సాధిస్తూనే ఉంది.

“పోయినవాళ్ళ పేరంటే దొంగలకి పండగ బావా. ఎందుకు అప్పు చేశావని అడిగితే లేచొచ్చి చెప్పరుగా. మనమే వెళ్ళి, ఫలానా మనిషి లేదు, ఈ పేరు మీద ఎవరికీ ఏమీ ఇవ్వకండని చెప్పాలి. ఫోను అమ్మితే కడిగిన పళ్ళెంలా తుడిచి అమ్మాలి. ఇక ఆ ఆరంకెల నంబరుందే అక్కా, దేవుడు దిగొచ్చి అడిగినా చెప్పకూడదు.”

“దేవుడడిగితే చెప్పేదాన్ని కాదులే,” అంది ఆమె. 

ప్రతి కౌంటరు దగ్గరా ‘ఆమె చనిపోయింది’ అని చెప్పాల్సి వచ్చింది. మొదటిచోట చెల్లెలు చెప్పింది. రెండోచోట భర్త చెప్పాడు. ఫోను కంపెనీ ఆఫీసులో మాత్రం ఆమే చెప్పింది. కౌంటరు మీది కుర్రది కంప్యూటరు లోంచి తలెత్తి, “నంబరు పూర్తిగా తీసేస్తే మళ్ళీ రాదండీ. కొన్నాళ్ళకి ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఫరవాలేదా?” అంది. ఆమె తలూపింది. నోటితో చెప్పాలన్నారు. చెప్పింది.

పాత ఫోన్ల షాపువాణ్ణి పట్టుకుని పోలీసులు అసలువాణ్ణి పట్టారు. వస్తువు గుర్తుపట్టడానికి రమ్మని కబురొస్తే భార్యాభర్తలు వెళ్ళారు. బల్ల మీద ఫోన్లు పరిచి ఉన్నాయి. పగిలినవీ, స్టిక్కర్లు అంటించినవీ, పిల్లల బొమ్మల కవర్లున్నవీ. ఎంతమంది అమ్మానాన్నలో అందులో. తమ పిల్లది ఆమె దూరం నుంచే పోల్చుకుంది.

దొంగ బెంచీ మీద కూర్చున్నాడు. సన్నగా, శుభ్రంగా తల దువ్వుకుని, బడిపంతులులా ఉన్నాడు. ఆమెని చూడగానే అలవాటుగా లేచి నిలబడ్డాడు.

“మీ అమ్మాయి మాటలు భలే ఉంటాయండీ,” అన్నాడు. “చదువుతుంటే నవ్వాపుకోలేకపోయేవాణ్ణి.”

భర్త చెయ్యెత్తాడు. కానిస్టేబులు అడ్డం రాబోయాడు. ఈలోపు ఆమె అడిగింది.

“ఏది చదివి నవ్వావు?”

వాడు కానిస్టేబులు వైపు ఒకసారి చూసి, తల దించుకుని చెప్పాడు. “స్నేహితురాలికి రాసిందండీ. మా నాన్న ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తాడు, మా ఇంట్లో మాత్రం పై అంతస్తులో అమ్మ, కింది అంతస్తులో నాన్న, మధ్యలో ఇరుక్కుని గంట కొడుతున్నది నేను అని.”

భర్త ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. మెల్లిగా దించి, ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. ఆ మాట వాళ్ళిద్దరూ ఎన్నడూ వినలేదు. వినాల్సినవాళ్ళ కంటే ముందు వీడు విన్నాడు.

లోను రద్దయింది. ఆమె కార్డు మీద పోయినదాంట్లో కొంత తిరిగి రాలేదు. నంబర్లు చేతులారా మీరే ఇచ్చారు కదా అన్నారు బ్యాంకువాళ్ళు. కాదనడానికి ఏముంది?

డబ్బు కంటే పీడించింది మరొకటి. ఇస్త్రీ పెట్టె కిందికి దించుతుంటే కూతురి మాట ఒకటి మనసులోకి వచ్చేది. వెంటనే, ఇది దానిదా, వాడిదా? అన్న అనుమానం కమ్మేది. కిటికీ వేసుకోమన్నది ఎవరు? ఒక్కోసారి ఎంత తన్నుకున్నా తేలేది కాదు. దొంగ కార్డు వదిలాడు గానీ, జ్ఞాపకంలోంచి బయటికి పోలేదు.

ఒక సాయంత్రం ఆ సంగతి భర్తకి చెప్పేసింది. ఆసుపత్రిలో పిల్ల అన్న అసలు మాట కూడా చెప్పింది. ఆయన విని, “దానికి ఎప్పుడూ గాలి కావాలే. ఉయ్యాల్లో కూడా దుప్పటి తన్నేసేది,” అన్నాడు. తరువాత కళ్ళజోడు పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె ఫోనులోని మెసేజీలకి పోలీసులు నకళ్ళు తీసుకున్నారు కాబట్టి తుడిచేసినా ఇబ్బంది లేదు. తేదీ చూసుకుంటూ పిల్లవి ఉంచారు, వాడివి ఒక్కొక్కటే తీసేశారు. ఆయన నొక్కడం, ఆమె చూడడం.

ఒకచోట ఆమె ఆయన వేలు పట్టుకుంది.

“నడుం నొప్పి తగ్గిందా?” అని ఉంది అక్కడ.

“ఇది వాడిదేనే. తేదీ చూడు.”

“తెలుసండీ.”

“మరి?”

“ఆ రోజు ఇంకెవరూ అడగలేదు.”

ఆయన కళ్ళజోడు తీసేశాడు. ఆ మెసేజీ తుడవాలో ఉంచాలో ఆయనకి పాలుపోలేదు. ఫోను పక్కన పెట్టి, “ఇప్పుడెలా ఉంది నడుం?” అని అడిగాడు.