మూడో చీటీ

మా ఆవిడ చీమల మీద పరిశోధన చేస్తుంది. అందుకని వంటింట్లో చీమల మందు చల్లే హక్కు నాకు లేదు. నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. మిషను ఎందుకు ఆగిందో విప్పి చూస్తే తెలుస్తుంది. చీమల సంగతి అలా తేలదట, ఏళ్ళు పడుతుందట.

ఆ పని మీదే పరదేశంలో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు ఆమెను రమ్మన్నారు. కావాలంటే కుటుంబంతో రావచ్చన్నారు. ఎందరొస్తారో ఆ సాయంత్రంలోగా చెప్పాలి. అక్కడ ఇల్లు కుదరలేదు, పాప బడి కుదరలేదు. ఇక నా పనంటారా, అక్కడ మిషను చెడిపోతే బాగుచేయించుకుంటారో, పారేసి కొత్తది కొంటారో కూడా తెలియదు.

"నేనొక్కదాన్నే వెళ్ళొస్తాలెండి. కోపమేం లేదు. కానీ ఏదో ఒకటి తేల్చండి" అంది.

ఎటూ పాలుపోక దేవుడి ముందు దీపం పెట్టి, 'వెళ్ళు' అని ఒక చీటీ, 'ఉండు' అని ఒక చీటీ రాసి మడిచాను. తీయమని పాపను పిలిచాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఏమండీ, ఏమీ రాయని చీటీ ఇంకోటి పెట్టండి."

"ఎందుకూ?"

"చీమలకి ఒక గిన్నెలో చక్కెర, ఒక గిన్నెలో ఉప్పు పెడితే, పక్కన ఖాళీ గిన్నె కూడా పెడతాం. అప్పుడే చీమ మనసు తెలిసేది."

"దేవుడు చీమ కాదే."

"తీసేది దేవుడు కాదుగా, మీ కూతురు."

ఆమెతో నేను వాదించి గెలిచిందెప్పుడు గనక. పెట్టాను. పాప కళ్ళు గట్టిగా మూసుకుని ఒకటి తీసింది. విప్పితే తెల్లగా ఉంది.

"నాన్నా, దేవుడికి రాయడం రాదా?" అంది.

మా ఆవిడ నవ్వాపుకుంటూ, "మళ్ళీ తీయిద్దామా? మేమైతే వందసార్లు చేస్తాం" అంది.

వద్దన్నాను. ఆ తెల్ల కాగితం చూస్తే, వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతావేం, నీకు నోరు లేదా అన్నట్టుంది. భక్తుడు అడిగితే జవాబివ్వకపోవడం కూడా జవాబేనా? ఏమో. ఇల్లు, బడి, పని అన్నీ దేవుడు చూపించాకే కదులుతానంటే అది నమ్మకమెలా అవుతుంది, బేరం గానీ?

"ముగ్గురం వస్తున్నామని రాయి" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "అక్కడ మీకు పని దొరక్కపోతే?"

"తెలీదు."

"దుకాణం మూశాక మళ్ళీ ఈ గిరాకీ వస్తుందా?"

"అదీ తెలీదు. రేపడిగావంటే భయపడతాను. ఇప్పుడే పంపెయ్."

కళ్ళు తుడుచుకుని పంపేసింది.

అన్నాలకి కూర్చున్నాం. ఇల్లే లేని ఊళ్ళో కిటికీ పక్క మంచం ఎవరిదని తల్లీకూతుళ్ళు అప్పుడే తగువులాడుకుంటున్నారు. చూస్తూ ఊరుకుంటే నన్ను గోడవైపు తోసేసేలా ఉన్నారు.

"కిటికీ నాది" అన్నాను.