తిట్టని బావ

కళ్ళజోళ్ళ దుకాణం ఆయన్ని ఊళ్ళో అందరూ మైకు అనే పిలుస్తారు. ఫుట్‌బాల్ ఆటప్పుడు తూర్పు గ్యాలరీలో ఆయన లేచి ఒక్క కేక వేశాడంటే మైదానం అవతల కార్నర్ కిక్ కొట్టబోతున్నవాడు కూడా ఆగి చూస్తాడు. ఆటగాళ్ళ జోలికి పెద్దగా పోడు. “కుర్రాళ్ళేం చేస్తారండీ, చెప్పినట్టు ఆడతారు,” అంటాడు. ఆయన గొంతంతా జట్టుని ఆడించే మేనేజర్ల కోసమే. మా ఊరి క్లబ్బు ఏటికేడు దిగజారి ఇప్పుడు పట్టికలో అట్టడుగున దేకుతోంది కాబట్టి మేనేజర్లకూ కొరత లేదు, తిట్లకూ కొరత లేదు.

అయితే ఆ తిట్లకొక పద్ధతుంది. మైకు తిడుతున్నంతకాలం ఆ మేనేజర్ మీద ఇంకా ఆశ ఉన్నట్టే. మనిషి బాగుపడతాడనుకుంటేనే ఆయన నోరు నొప్పి పెట్టుకుంటాడు. చేతులు కట్టుకుని గమ్మున కూర్చున్నాడంటే మాత్రం గ్యాలరీకి అర్థమైపోతుంది, వీడి పని అయిపోయిందని. ఆ తర్వాత జనం దిగిపొమ్మంటూ ఈలలు మొదలుపెడతారు. ఆ ఈలలు డైరెక్టర్ల చెవిన పడతాయి. మేనేజర్ పెట్టె సర్దుకుంటాడు. ఇలాగని ఎవరూ నియమం పెట్టలేదు, అలా జరుగుతూ వచ్చింది అంతే.

అలాంటిది, ఈసారి క్లబ్బువాళ్ళు తెచ్చిపెట్టిన కొత్త మేనేజర్ స్వయానా మైకు బావమరిది.

పేపర్లో ఫోటో చూసి తను మురిసిపోయాడో, గుండె గుభేలుమందో మైకుకే తెలీలేదు. ఆయన భార్య మాత్రం టీ కప్పు ముందు పెడుతూనే సంగతి తేల్చేసింది.

“ఇదిగో, ముందే చెప్తున్నా. ఇన్నాళ్ళూ మీరెవర్ని తిట్టినా నాకెందుకులే అనుకున్నా. మా తమ్ముణ్ణి ఒక్క మాటన్నారో, ఊరుకునేది లేదు. వాడు నా చేతుల్లో పెరిగాడు.”

“నేనేమంటానే! నాకు మాత్రం వాడు పరాయివాడా?”

“మీ నోటి సంగతి నాకు తెలీదూ? మాటివ్వండి.”

ఇచ్చాడు. మొదటి ఆట చచ్చీచెడీ సమానమైంది. తర్వాత వరసగా ఓటములు. మైకు మాత్రం బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పక్క సీట్లో కూర్చునే బస్సు డ్రైవరు ఓర్చుకోలేక అడిగేశాడు.

“ఏం మైకూ, అప్పుడే వదిలేశావా?”

“వదిలెయ్యడమేంటయ్యా! బావమరిదిని తిడితే ఇంట్లో నాకు అన్నం పుడుతుందా?”

“చాల్లే, ఆ కబుర్లు ఇంకెవరికైనా చెప్పు. సొంత బావే నోరెత్తట్లేదంటే ఇంక చూడ్డానికేముంది,” అని డ్రైవరు రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. వెనక వరసలవాళ్ళు అందుకున్నారు. మైకు తలొంచుకున్నాడు.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం బావమరిది దుకాణానికి వచ్చాడు. కళ్ళజోడు కాడ వదులైందన్నాడు. మైకు సన్నటి స్క్రూడ్రైవరుతో మర బిగించి, కాడ చివర కాస్త వేడి చేసి వంచి, చెవి వెనక పెట్టి చూశాడు. కాడ వదులైన మాట నిజమే గానీ, వచ్చింది అందుకు కాదని ఇద్దరికీ తెలుసు.

“బావా, నన్నెందుకు తిట్టట్లేదు?”

అద్దాలు తుడుస్తున్న మైకు చెయ్యి ఆగింది. “అదేం ప్రశ్నరా?”

“నా ముందున్నాయన్ని దుమ్మెత్తిపోశావు. ఆయన్ని అన్నాళ్ళు ఉంచారు కూడా. నన్ను చూస్తే చేతులు కట్టుకుంటున్నావు. సొంత బావకే నమ్మకం లేదని కుర్రాళ్ళు నా వెనక గుసగుసలాడుతున్నారు. శనివారం కూడా గ్యాలరీ ఈలలు వేస్తే ఇంక రానక్కర్లేదన్నారు పైవాళ్ళు.”

“ఓరి పిచ్చోడా, మీ అక్కకి మాటిచ్చానురా! అంతే! ఇంకేం లేదు!”

“అక్కతో నేను మాట్లాడతా. నువ్వు మాత్రం శనివారం నన్ను నోరారా తిట్టు బావా. నీకు పుణ్యముంటుంది.”

నవ్వుతూనే అన్నాడు గానీ, బిగించిన కళ్ళజోడు తీసుకోవడం మరిచిపోయి గుమ్మం దాకా వెళ్ళాడు. మైకు మనసు చివుక్కుమంది. తిట్టేద్దాం, దానికేం భాగ్యం అనుకున్నాడు.

ఇంట్లో అనుమతి దొరికింది. “తిట్టండి. మా అమ్మానాన్నల దాకా మాత్రం వెళ్ళారంటే చెప్తా,” అంది భార్య. అంతటితో ఆగక, ఎన్నడూ లేనిది తనూ ఆటకి బయల్దేరింది.

శనివారం అదృష్టం బాగుండి మొదట్లోనే మనవాళ్ళు ఒక గోల్ కొట్టారు. కొట్టగానే బావమరిది గీత దగ్గర నిలబడి, ఇక మన గోల్ కాచుకోడానికి అందర్నీ వెనక్కి రమ్మని రెండు చేతులతో సైగ చేశాడు. అందరూ వెనక్కొచ్చారు. ఎదుటివాళ్ళు మీదపడి ఒకటి కొట్టారు, కాసేపటికి ఇంకొకటి కొట్టారు. గ్యాలరీలో తలలన్నీ మైకు వైపు తిరిగాయి.

“లేవండి, ఇంకా చూస్తారేంటి!” భార్య మోచేత్తో పొడిచింది.

మైకు లేచాడు. జనం సద్దుమణిగారు. కింద బావమరిది కూడా వెనక్కి తిరిగి, తలెత్తి నిలబడ్డాడు.

మైకు గుండెల నిండా గాలి పీల్చుకుని తిట్టు కోసం వెతికాడు. ముందుకు పంపరా అందామా? పంపడు. ఇంకో కుర్రాణ్ణి దించరా అందామా? దించినా వాణ్ణీ వెనక్కే లాగుతాడు. వాడు మంచివాడు, జాగ్రత్తపరుడు, అక్కంటే ప్రాణం పెట్టేవాడు. ఈ పనికి మాత్రం పనికిరాడు. రేపు మారతాడన్న ఆశా లేదు. ఆ సంగతి మొదటి ఆట చూసినరోజే తనకి తెలుసు. ఇన్నాళ్ళూ భార్యకిచ్చిన మాట చాటున దాక్కున్నాడు, అంతే. మైకుకి తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఏమండీ, తిట్టండీ!”

నోరు తెరిచాడు. ఒక్క తిట్టూ రాలేదు. ఏదో ఒకటి చెయ్యాలి కదాని చప్పట్లు కొట్టాడు.

“పర్లేదురా!” అని అరిచాడు. “బాగానే ఆడిస్తున్నావు! పర్లేదు!”

మైకు నోట మంచిమాట గ్యాలరీ ఎన్నడూ వినలేదు. ఈల వెయ్యబోయిన డ్రైవరు కూడా వేళ్ళు దించేసుకున్నాడు. కింద బావమరిది సరే అన్నట్టు తలూపి, మెల్లగా అటు తిరిగాడు.

భార్య ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఆపేసింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

“చాలు, ఆపండి,” అంది. “మా అమ్మానాన్నల్ని తిట్టినా బాగుండేది.”