తిప్పని రెండో పేజీ

అక్రా శివార్లలోని ఆ చిన్న అణు పరిశోధన రియాక్టర్‌లో డాక్టర్ ఎబో యాసన్ మాటకు ఎదురుండేది కాదు. ఇంధనం ఎంత ఖర్చయింది, అణుచర్యను అదుపు చేసే కడ్డీకి ఇంకెంత సత్తువ ఉంది వంటి లెక్కలన్నీ ముప్ఫై ఏళ్ల కిందట అతను ఫోర్‌ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం మీదే నడిచేవి. దాన్ని ముట్టుకోవడానికి కూడా అందరూ జంకేవారు.

శనివారం సాయంత్రం గేటు ఎదురుగా ఉన్న హోటల్లో ఒక బృందం చేరేది. రియాక్టర్ ఇంజనీర్లు, యూనివర్సిటీ వాళ్లు, బ్యాంకుల్లో కోడ్ రాసేవాళ్లు. మధ్యలో కారం పట్టించి వేయించిన అరటి ముక్కల పళ్లెం పెట్టుకుని, ఏ కంప్యూటర్ భాష గొప్పదో గొంతులు చించుకునేవారు. ఎబో వస్తే కుర్చీ ఖాళీ చేసేవారు. అతని వెటకారం వినడానికే కొందరు వచ్చేవారు.

జిఫా అగ్బెకో ఆ బృందంలో కొత్త. దేశానికి తూర్పున ఉన్న వోల్టా వైపు మనిషి. రియాక్టర్‌లో రెండేళ్ల కాంట్రాక్టు మీద చేరింది. ఒక శనివారం ఆమె నెమ్మదిగా అంది:

"డాక్టర్ గారూ, మీ ప్రోగ్రాంని నేను పైథాన్‌లో మళ్లీ రాసి చూశాను. కడ్డీ లెక్క దగ్గర మీ అంకె, నా అంకె కలవడం లేదు. తేడా చిన్నదే, కానీ ప్రతిసారీ ఒకవైపే వస్తోంది."

ఎబో నోట్లో ముక్క నములుతూనే అన్నాడు. "పైథానంటే కొండచిలువ కదమ్మా? నీ అంకెని అది మింగేసి ఉంటుంది. రేపటికల్లా కక్కుతుందిలే, ఆగు."

బల్ల అదిరేలా నవ్వారు. "అంకుల్, చంపేశారు!" అని ఎవరో చప్పట్లు కొట్టారు. జిఫా కూడా నవ్వబోయింది గాని, నవ్వు రాలేదు. సోమవారానికల్లా ఆఫీసులో ఆమెకు 'పాముల మేడం' అన్న పేరు ఖాయమైపోయింది.

ఆమె మాత్రం పట్టు వదల్లేదు. రెండు పేజీల నోట్ రాసి అతని బల్ల మీద పెట్టింది. మొదటి పేజీలో పైథాన్ అన్న మాట కనబడగానే ఎబోకు ఒళ్లు మండింది. 'ఆటబొమ్మ భాషలతో రియాక్టర్లు నడవవు' అని పక్కన గీకి తిప్పి పంపేశాడు. నాలుగు నెలల తర్వాత కాంట్రాక్టు పొడిగింపు కాగితం వస్తే, 'అవసరం లేదు' అని రాసి సంతకం పెట్టాడు. జిఫా తన సొంత ఊరైన 'హో'కి వెళ్లిపోయి, బడిలో లెక్కల టీచరుగా చేరింది.

రెండేళ్లు గడిచాయి. ఎబో రిటైరవడానికి రెండు నెలలుంది. తన తర్వాత వచ్చేవాళ్ల కోసం ప్రోగ్రాంని వరుస వరుసగా చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. ఆ పాత భాషలో ఒక చిక్కుంది. ఏదైనా విలువకు కొన్ని అక్షరాలతో మొదలయ్యే పేరు పెట్టి, దాని రకం చెప్పకపోతే, అందులో వేసిన అంకెను పూర్ణాంకంగానే ఉంచుతుంది. దశాంశం తర్వాతది రాలిపోతుంది. నీటి ఉష్ణోగ్రతకు అతను అలాంటి పేరే పెట్టాడు. ఇరవై నాలుగున్నర డిగ్రీలు ముప్ఫై ఏళ్లుగా ఇరవై నాలుగే అవుతోంది.

వరస సరిదిద్ది మళ్లీ నడిపాడు. జిఫా చెప్పిన అంకే వచ్చింది.

ఆమె నంబరు సంపాదించి ఫోన్ చేశాడు.

"జిఫా, నేను... ఎబోని. ఆ తప్పు దొరికింది. నాదే."

"ఎన్నో వరస?"

"నాలుగు వందల పన్నెండు."

"అవును. రాశాను కదా."

"ఎక్కడ రాశావు?"

"రెండో పేజీలో." అవతల పిల్లల గోల వినిపించింది. "కాగితం తిరిగొచ్చినప్పుడే చూశాను డాక్టర్ గారూ. పిన్ను దగ్గర మడత కూడా పడలేదు. మీరు తిప్పనే లేదు."

"నీకు ఏదైనా చేయాలనుంది. డైరెక్టర్‌తో మాట్లాడతాను."

"ఇప్పుడా? ఉద్యోగం పోయినప్పుడు మా అమ్మ మందులకు డబ్బులడిగితే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. ఇప్పుడు ఇక్కడ బానే ఉన్నాను. నాకు క్లాసుంది, ఉంటాను."

ఎబో ఆ పూటే మెమో రాశాడు. తప్పు తనదని, కనిపెట్టింది జిఫా అని. డైరెక్టర్ చదివి కళ్లజోడు తీశాడు.

"రియాక్టర్‌కేమైనా అయిందా?"

"లేదు. భద్రతకి వదిలిన ఎడం చాలా ఎక్కువ."

"మరెందుకయ్యా ఈ తంటా? ఎవరికీ చెప్పకుండా సరిచేసి పారెయ్."

"ఆమె పేరు రాయాలి."

"రాద్దాం. అంత తెలివైనదాన్ని ఎందుకు పంపేశారని బోర్డు అడుగుతుంది. ఎవరి సంతకం చూపించమంటావు?"

ఎబో బల్ల మీది మెమో తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

వీడ్కోలు రోజున ఎబో భుజాల మీద గౌరవంగా రంగురంగుల కెంటే నేత వస్త్రం కప్పారు. "ముప్ఫై ఏళ్లలో ఈయన లెక్క ఒక్కటీ తప్పలేదు!" అన్నాడు డైరెక్టర్. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎబో మైకు అందుకున్నాడు. నోరు తెరిచి, అందరికీ కృతజ్ఞతలని చెప్పి, కూర్చున్నాడు.