లెన్సు ముందు మూడాకులు

“తొబె గారూ! ఇదుగో తొబె గారూ, మీ కొమ్మ వచ్చేసింది, చూసుకోండి!”

వరస మొదట్లో నిలబడి గొండా అరిచాడు. నలభై ఏళ్ళు చేపలమ్మిన గొంతు అది. మెల్లగా మాట్లాడ్డం దానికి రాదు.

తొబె కెమెరా మీంచి తలెత్తాడు. నిజమే, వచ్చింది. తన లెన్సుకి రెండు బారల దూరంలో, ఏ చెట్టునీ అంటుకోకుండా, ఉత్త గాలిలో జానెడు కొమ్మ. దానికి మూడు ఆకులు. ఒక్కో ఆకు కొసనా ఒక్కో వాన చుక్క.

“ఇవాళ కాస్త పెందరాళే వచ్చిందే,” అంది సకుమా టీచరమ్మ, తన లెన్సు తుడుచుకుంటూ.

“వస్తే మంచిదే. ఎలాగూ ఆయనకి పిట్ట కనపడదు, నాకు తువ్వాలన్నా ఆరుతుంది,” అని గొండా తడి తువ్వాలు తెచ్చి దానిమీద వేశాడు. కొమ్మ కొంచెం వంగి, మళ్ళీ లేచింది. ఎవరో నవ్వారు. తొబె కూడా నవ్వాడు, పళ్ళు మాత్రమే.

షిజువొకా కొండల్లో తేయాకు తోటలు అయిపోయాక దేవదారు అడవి మొదలవుతుంది. ఏటా మే నెలలో అక్కడికి పొడుగు తోక పిట్ట వస్తుంది, జూన్ వానల్లో పిల్లల్ని పెడుతుంది. పిట్ట పిడికెడు, తోక మూరెడు. కంటి చుట్టూ ఆకాశాన్ని గుండ్రంగా కత్తిరించి అతికించినట్టు నీలం. అది ఎగురుతుంటే తోక వెనకాల కలలాగా సాగుతుంది. దానికోసం తెల్లారకముందే ఏడుగురు ట్రైపాడ్లు వేసుకుని వరసగా నిలబడతారు. మొదటి ఏడాది ఎవరెక్కడ నిలబడ్డారో చచ్చేదాకా వాళ్ళ చోటు అదే. ఇంకొకరు అందులో కాలు పెట్టరు.

తొబెకి ఈ లోకంలో మిగిలింది ఆ చోటొక్కటే. భార్య పోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు లెన్సుల ఫ్యాక్టరీలో పనిచేశాడు, జూమ్ లెన్సుల్లో ఆటోఫోకస్ మోటార్లు బిగించేవాడు. అదీ అయిపోయింది.

ఈ మే నెలలో పిట్ట తిరిగొచ్చిన రోజునుంచీ కొమ్మ వస్తోంది. వానొస్తే గొడుగు తీసుకున్నట్టే, ఆ కొమ్మ వస్తే అందరూ తలో సలహా ఇచ్చారు.

“మోటారు మార్చవయ్యా. నీది మరీ దూకుడు, ముందేది కనపడితే దాన్ని పట్టేసుకుంటుంది,” అన్నాడు గొండా.

నిజమే, తొబె సొంత లెన్సులోది ఉంగరంలాంటి మోటారు. వేగంలో దాన్ని కొట్టింది లేదు. కానీ పిట్ట వాలగానే ఆకుమీదకి దూకేది, ఆకునుంచి గూటికి, గూటినుంచి మళ్ళీ ఆకుకి. టీచరమ్మ లెన్సు అడిగి పెట్టి చూశాడు. అందులో మోటారు అయస్కాంతాల మధ్య తిన్నగా జారుతుంది, చెవి పెట్టినా చప్పుడుండదు. అది చప్పుడు లేకుండా ఆకునే పట్టుకుంది. అద్దెకి ఇంకోటి తెచ్చాడు, అడుగులో అడుగేసి కదిలే చిన్న మోటారు. అదీ ఆకు దగ్గరే కూలబడింది. పది మీటర్లలోపున్నవి వదిలెయ్యమని లెన్సు పక్కనున్న మీట జరిపితే, కొమ్మ పదకొండో మీటరుకి జరిగింది. ఆఖరికి మోటారు ఆపేసి చేత్తో తిప్పాడు. మూడాకులూ విచ్చుకుని గూటిని మొత్తం కప్పేశాయి.

అది ఏ కొమ్మో తొబెకి మొదటి రోజే తెలుసు.

కిందటి జూన్‌లో గూడు వాలుమీంచి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉండేది. దానికి అడ్డంగా ఈ మూడాకులు. అప్పుడు కూడా తన మోటారు ఆకుకీ గూటికీ మధ్య తడబడేది. అందరి మోటార్లూ కుదురుకునేవి, ముప్ఫై ఒక్క ఏళ్ళు మోటార్లు బిగించినవాడిది తప్ప. ఒకరోజు అందరికన్నా ముందొచ్చి, ఆ కొమ్మని విరిచి వాగులో పడేశాడు. ఆ పూట అందరికీ ఫోటోలు అద్దంలా వచ్చాయి. గాలికి పోయిందనుకున్నారు, సంతోషపడ్డారు. మర్నాడు కాకికి కూడా గూడు అద్దంలా కనపడింది.

నాలుగు పిల్లలు. ఇంకా కళ్ళు తెరవలేదు.

కొమ్మ గాలికి పోలేదేమోనని అప్పుడు వెతికారు, ఎవరు కోశారని. వరసలో నాలుగో చోటు నిషివాకిది. పాతకాలపు తేయాకు రైతు, నడుముకి ఎప్పుడూ కత్తెర వేలాడేది. ఎవరూ ఒక్క మాటా అనలేదు. మర్నాడు అతనొచ్చేసరికి అటూ ఇటూ ట్రైపాడ్లు తలో అడుగు జరిగి నాలుగో చోటు మూసుకుపోయింది. అతను కాసేపు నిలబడి, టోపీ తీసి, కిందికి వెళ్ళిపోయాడు. జరిగిన ట్రైపాడ్లలో తొబెది మొదటిది.

ఈ పొద్దున తువ్వాలింకా ఆరలేదు, వాలు కిందినుంచి ఒక ముసలావిడ ఎక్కి వచ్చింది. వీపున సంచి.

“నేను నిషివాకి భార్యని. కినుయొ అంటారు.” ఆయాసపడుతూనే అందరికీ వంగి దండం పెట్టింది. “మా ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. ఈ వారం దాటదన్నారు. ఆయన లెన్సు తెచ్చాను. ఎవరైనా ఆయన చోట్లో నిలబడి, దీంతో ఒక్క ఫోటో తీసి పెడితే, తీసుకెళ్ళి చూపిస్తాను.”

ఆవిడ సంచిలోంచి తీసింది పాత జూమ్ లెన్సు. తిరిగితే గురక పెట్టే రకం మోటారు. దానిమీద గీతలు తప్ప దుమ్ము లేదు.

“ఆ చోటిప్పుడు లేదమ్మా,” అన్నాడు గొండా.

“గొండా గారూ, చావు బతుకుల్లో ఉన్న మనిషి...” టీచరమ్మ గొణిగింది.

“నాలుగు పిల్లలు టీచరమ్మా! కాకి నోట్లో కాళ్ళు కొట్టుకోవడం నేను చూశాను. మీరు చూళ్ళేదు.” గొండా గొంతు మొదటిసారి తగ్గింది. “నన్ను జరగమనకండి. నావల్ల కాదు.”

కినుయొ బతిమాలలేదు. లెన్సుని పసిబిడ్డని చుట్టినట్టు గుడ్డలో చుట్టుకుంది. మళ్ళీ వంగి దండం పెట్టి, వెనక్కి తిరుగుతుంటే భుజం తగిలి కొమ్మమీది తువ్వాలు జారింది. ఆవిడ దాన్ని తీసి మడత పెట్టింది. తిరిగి వెయ్యబోతూ, తోటలో యాభై ఏళ్ళు మెలిగిన చెయ్యి కదా, కొమ్మ మొదలు పట్టుకుని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది.

“ఇది కత్తెర కోత కాదే,” అంది.

గొండా తల తిప్పి చూశాడు.

“మెలిపెట్టి లాగేశారు. ఇదిగో, బెరడు ఎంత పొడుగునా చీలిందో. ఇలా లాగితే మా మామగారు వేళ్ళమీద కొట్టేవారు. మా ఆయనకి నిద్రలో కొమ్మ ఇచ్చినా ఏటవాలుగా ఒక్క కోతే.”

తేయాకు కోతకొచ్చిందా లేదా అని చెప్పినట్టే చెప్పి, కొమ్మని గాలిలో దాని చోటనే వదిలేసి, ఆవిడ వాలు దిగసాగింది.

ఇన్నాళ్ళూ దానిమీద తువ్వాళ్ళు ఆరేసినవాళ్ళంతా, ఇది కిందటేడు పోయిన కొమ్మేనని ఇప్పుడు గుర్తుపట్టి, దాని మొదలు వైపు చూస్తున్నారు. గొండా దగ్గరికెళ్ళి చీలిన బెరడుమీద వేలు పెట్టాడు. పిట్ట వచ్చి గూటిమీద వాలింది, తోక అడవంతా పరుచుకున్నంత అందంగా ఊగింది. ఒక్క షట్టరూ పడలేదు. తొబె మోటారొక్కటే ఆకుకీ గూటికీ మధ్య కొట్టుకుంటోంది, చిన్నగా, గుండెలాగా.

ఇంకా ఎవరూ తన వైపు చూడలేదు. చూడకపోవచ్చు కూడా. నోరు మూసుకుంటే రేపు తెల్లవారుజామున కూడా తన చోటు తనకుంటుంది. తెరిస్తే ఇక ఏ తెల్లవారుజామునా లేవక్కర్లేదు. కింద మలుపులో కినుయొ తెల్ల టోపీ ఒక్కటే కనపడుతోంది.

“ఆగండమ్మా!”

టోపీ ఆగింది. అందరూ తిరిగారు. తొబె వాలు అంచుకి వచ్చి నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“మీ ఆయన కాదమ్మా. నేను. కత్తెర కాదు, ఈ చేత్తో మెలిపెట్టాను. నా మోటారు ఆకు దగ్గర తడబడుతోందని, వీళ్ళంతా నవ్వుతారని. ఆయన్ని వెళ్ళగొడుతుంటే ముందు జరిగింది కూడా నేనే. ఆయన బతికుండగా ఆయనకి చెప్పండి... కాదు, నన్ను తీసుకెళ్ళండి, నేనే చెప్తాను. ఆ పిల్లల్ని చంపింది నేను.”